మెడికల్ హాల్ రిజిస్టర్‌లో నా పేరు

ఆరో తరగతిలో, ఇంటికి దూరంగా ఉన్న బడిలో పొద్దుటి ప్రార్థనకు వరసలో నిలబడి ఉండగా నాకు మొదటిసారి మూర్ఛ వచ్చింది. కళ్లు తెరిచేసరికి నోట్లో మట్టి రుచి, గుప్పిట్లో ఎవరో పెట్టిన తాళంచెవుల గుత్తి. చుట్టూ మూగిన పిల్లలు నేను కదలగానే రెండడుగులు వెనక్కి వేశారు. ఆ రెండడుగులు నాకు మూర్ఛకంటే బాగా గుర్తున్నాయి.

మా ఇల్లు గౌలిపురలో, బర్రెల కొట్టాల వెనక సందులో. బాపు బస్సు డిపోలో మెకానిక్. అమ్మ ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టేది. పెద్దాసుపత్రి డాక్టరు బాపుకు విడమరిచి చెప్పాడు. ఇది గాలి సోకడం కాదు, మెదడుకు వచ్చే జబ్బు, రోజూ గోలీ వేసుకుంటే అదుపులో ఉంటుంది, ఒక్కరోజు కూడా మానకూడదు అని. ఇంజన్లు విప్పి బిగించే మనిషి కాబట్టి బాపుకు ఆ మాట వెంటనే తలకెక్కింది. అమ్మ కూడా డాక్టరును నమ్మింది. మా సందును మాత్రం నమ్మలేదు.

"ఒక్కరికి తెలిస్తే గౌలిపుర మొత్తం తెలుస్తది. ఇగ ఈ పిల్లను ఎవ్వరు దగ్గరికి రానియ్యరు," అంది.

అందుకే నన్ను పురానాపూల్ దగ్గరున్న మేనత్త ఇంట్లో ఉంచి, నా సంగతి తెలియని బడిలో చదివించింది. గోలీల డబ్బా మీది కాగితం నానబెట్టి ఊడదీసేది. చుట్టాలు అడిగితే రక్తం పట్టడానికి మందు అనేది. మెట్రిక్ అయ్యాక నేను గౌలిపురకు తిరిగి వచ్చాను. అప్పటి నుంచి గోలీలు మా సందు మలుపులో ఉన్న మెడికల్ హాల్‌లో కొనేవాళ్లం. దాని యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. తెల్ల చొక్కా, చెవి మీద పెన్సిల్, నెమ్మదైన మాట. చిల్లర జ్వరాలకు జనం డాక్టరు దాకా పోకుండా ఆయన్నే అడిగి మందు తీసుకునేవాళ్లు.

నా గోలీలు ఇచ్చిన ప్రతిసారీ ఆయన పొడుగాటి రిజిస్టర్ ఒకటి తెరిచేవాడు. నా పేరు, ఇంటి నంబరు, మందు పేరు, ఎన్ని గోలీలు, రాసిచ్చిన డాక్టరు పేరు, అన్నీ గళ్లలో నింపేవాడు.

"ఈ గోలీలు ఉట్టిగనే ఇయ్యరాదు బిడ్డా. ఎవరికిస్తిమో రాయాలె. సర్కారు రూలు," అని మొదటిరోజే చెప్పాడు. నాకేమీ అభ్యంతరం అనిపించలేదు. దగ్గుమందుకు లేని మర్యాద నా మందుకు ఉన్నట్టు తోచింది కూడా.

డెబ్బైల చివర్లో నేను బి.ఎ. పాసయ్యాను. అప్పటికి నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు. మా ఇంటికి రెండు సందుల అవతల ఒక ప్రైవేటు బడి ఉండేది. అందులో రెండో తరగతికి టీచరుగా చేరాను. నలభైమంది పిల్లలు, ఒకే గది, కిటికీ అవతల కోవా బట్టీ. పాలు మరిగే వాసనకు పదకొండు గంటలకల్లా పిల్లలందరికీ ఆకలి పుట్టేది. వాళ్లను ఆపడానికి ఎక్కాలు పాటలాగా పాడించేదాన్ని. దసరా సెలవుల్లోపు వాళ్లు ఏడో ఎక్కం తప్పుల్లేకుండా చెప్పారు. అంతవరకూ నేను ఎవరికీ ఏదీ నేర్పలేదు. ఆ పని నాకు వచ్చునని తెలియడం నాకు పెద్ద సంగతి.

నాలుగు నెలలు గడిచాయి. అర్ధసంవత్సరం పరీక్షలు అయిన మర్నాడు బడి కరస్పాండెంట్ నన్ను తన గదికి పిలిచాడు. బడి ఆయనదే, నిర్ణయాలన్నీ ఆయనవే.

"కూసో టీచరమ్మా," అన్నాడు. "నీకు ఫిట్స్ వస్తయంట గదా?"

నేను కూర్చోలేదు. "ఎవరు చెప్పిన్రు సార్?"

"ఎవరు చెప్తే ఏంది? నిజమా, కాదా?"

"నిజమే. నాలుగేండ్ల సంది ఒక్కసారి గూడ రాలే. రోజు మందేసుకుంటున్న."

"రాలే అంటవు. రేపు క్లాసుల పడితే? పిల్లలు జడుసుకుంటరు. తల్లిదండ్రులొచ్చి నా గల్ల వట్టుకుంటే నేనేం చెప్పాలె?"

"మీకెట్ల తెలిసింది సార్?"

ఆయన ఏమాత్రం మొహమాటపడలేదు. "మెడికల్ హాల్ల రాసి ఉంది. నా కండ్లతోటి చూసిన. కొత్త టీచర్లు ఎవరొచ్చినా నేను ఆడ ఒక మాట అడుగుత. ఎవరికి టీబీ ఉంది, ఎవరికి ఏముంది, సేటుకు తెల్వంది ఉండదు. బడి నడిపేటోడు అన్నీ చూసుకోవాలె గదా."

రేపటి నుంచి రావద్దన్నాడు. నా గొడుగు, టిఫిన్ డబ్బా తెచ్చుకోవడానికి క్లాసుకు వెళ్తే పిల్లలు లేచి నిలబడి నమస్తే టీచర్ అన్నారు. ఎనిమిదో ఎక్కం ఇంకోసారి చెప్పించి బయటికి వచ్చాను.

దారంతా ఆయన మాటే చెవుల్లో. నా కండ్లతోటి చూసిన. నాలుగు నెలలు నేను పాఠం చెబుతుంటే ఆయన ఒక్కరోజు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చోలేదు. నా గురించి ఆయన కళ్లతో చూసింది మందుల షాపులో ఒక గీత మాత్రమే.

ఇంట్లో చెప్పగానే అమ్మ మిషన్ మీద తల వాల్చి ఏడ్చింది. "దూరం పోయి కొనుక్కుందామంటే ఇన్నరా మీరు? దగ్గర దగ్గర అని ఆన్నే కొంటిరి."

"షాపు దగ్గరుండుడు తప్పా అమ్మా? ఆయన చూపుడు తప్పా?" అన్నాను.

"లొల్లి వద్దు బిడ్డా," అన్నాడు బాపు. "నువ్వు ఒర్రితే ఇంకింతమందికి తెలుస్తది. గప్పుడు ఎవ్వరి నోరు మూస్తవ్?"

బాపు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నా రహస్యం సేటు బయటపెట్టాడని ఫిర్యాదు చేయాలంటే ఆ రహస్యమేమిటో నేనే చెప్పుకోవాలి. ఇలాంటి పనులు చేసేవాళ్లకు ఉన్న ధైర్యమల్లా అదే, మనం సిగ్గుపడి ఊరుకుంటామని. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు అది తెలిసొచ్చి, నాకు ఏడుపు పోయి కోపం వచ్చింది.

మర్నాడు సాయంత్రం మెడికల్ హాల్‌కు వెళ్లాను. సేటు ఒక్కడే ఉన్నాడు.

"మా స్కూల్ కరస్పాండెంట్‌కు నా పేరు చూపిన్రా సేటూ?"

"ఆ, అడిగిండు, చూపిన," అన్నాడు తేలిగ్గా. "నీ మంచికే బిడ్డా. ఆయనకు తెలిస్తే జర చూసుకుంటడని."

"చూసుకున్నడు. కొలువు తీసేసిండు."

ఆయన ముఖంలో ఒక్క క్షణం ఇబ్బంది కనిపించింది. తర్వాత అది పోయింది. "గట్ల చేస్తడనుకోలే. అయినా నేనేమన్న అబద్ధం చెప్పిన్నా? ఉన్నదే చూపిన. ఇగో చూడు," అంటూ రిజిస్టర్ తీసి నా ముందు పరిచాడు.

నా పేరు పేజీ మధ్యలో ఉంది. దాని పైన మా సందులోనే ఉండే ఒకావిడ పేరు. ఆవిడ రోజూ మా అమ్మతో బావి దగ్గర నవ్వుతూ మాట్లాడేది. ఆవిడ పేరు పక్కన ఉన్నది మనసు బాగాలేనివాళ్లకు ఇచ్చే మందు. ఆసుపత్రి వరండాల్లో ఏళ్ల తరబడి కూర్చున్నదాన్ని కాబట్టి ఆ మందు పేరు నాకు తెలుసు. గబుక్కున అరచేయి పెట్టి ఆ పేజీ కప్పేశాను. కరస్పాండెంట్ చేసిన పని ఇప్పుడు నేనూ చేశాను, అడక్కుండానే.

"మూయుండ్రి సేటూ. నాకు గూడ చూపొద్దు. ఇది నా బుక్కు కాదు."

"మరి నువ్వే గదా అడిగినవ్?"

"నా పేరు కొట్టెయ్యిండ్రి."

"కొట్టెయ్యరాదు. సర్కారు బుక్కు."

"సర్కారు రాయమన్నది. మందికి చూపమన్నదా?"

ఆయన రిజిస్టర్ ఠపీమని మూశాడు. "నాకు రూల్స్ చెప్తున్నవా? పో, పోయి సర్కారునే అడుగు."

అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రిజిస్టర్లు తనిఖీ చేసేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అని పెద్దాసుపత్రి మందుల కిటికీ దగ్గర కనుక్కున్నాను. మూసీ దాటి, రెండు బస్సులు మారి ఆ ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ నడివయసు మనిషి. బల్ల మీద సీసాలు, పొట్లాలు, ప్రతిదానికీ ట్యాగు కట్టి ఉంది.

"ఏం కంప్లైంటమ్మా? నకిలీ మందా? తారీఖు దాటిందా?"

"మందు మంచిదే సార్. నా పేరు బయటికి పోయింది."

ఆయన కలం పక్కన పెట్టి నన్ను చూశాడు. మొత్తం చెప్పాను. మూర్ఛ అన్న మాట దగ్గర నా గొంతు తగ్గింది. ఆయన ఏంటీ అన్నాడు. మళ్లీ చెప్పాను, ఈసారి తగ్గించకుండా.

ఆయన బీరువాలోంచి రూల్సు పుస్తకం తీసి కాసేపు తిరగేశాడు. "రిజిస్టర్ రాయాలె, దాచిపెట్టాలె, మేము అడిగితే చూపాలె. ఇంతే ఉంది. వేరేటోళ్లకు చూపొద్దని ఈడ రాసి లేదమ్మా."

"చూపాలె అని రాసి ఉందా సార్?"

మళ్లీ వెతికాడు. ఊరికే వెతికినట్టు నటించలేదు, నిజంగానే వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. "లేదు," అన్నాడు.

"మీ కోసం రాయించిన బుక్కు సార్ అది. మీరు చూడనీకి నేను పేరు ఇచ్చిన. మా సందోళ్లు చూడనీకి కాదు."

ఆయన పుస్తకం మూసి తెల్ల కాగితం నా వైపు తోశాడు. "రాసియ్యి. కానీ ఒక మాట. ఈ కాగితం ఫైలుల పోతది. ఆఫీసుల నలుగురు చూస్తరు. మంచిగ ఆలోచించుకో."

"ఈసారి నేనే రాస్తున్న గద సార్," అన్నాను.

పేరు, ఇంటి నంబరు, జబ్బు, మందు, అన్నీ తెలుగులో స్పష్టంగా రాసి కింద సంతకం పెట్టాను. మెట్లు దిగి బస్టాపుకు నడిచాను.

ఆ ఆఫీసు నుంచి సేటుకు వివరణ అడుగుతూ కాగితం వెళ్లిందని నాకు వారం తర్వాత తెలిసింది, అదీ ఆయన నోటినుంచే. గోలీలు అయిపోవస్తున్నాయని డాక్టరు చీటీ పట్టుకుని వెళ్లాను. డిపో నుంచి వస్తూ బాపు నాతో కలిశాడు. శుక్రవారం సాయంత్రం, షాపు ముందు జనం బాగానే ఉన్నారు. నన్ను చూడగానే సేటు చేతిలో పొట్లం కింద పెట్టాడు.

"నీకు మందు ఇయ్య. పో, ఎక్కడన్న కొనుక్కో."

"మందు మానొద్దని మీకు తెలుసు సేటూ."

ఆయన నాతో మాట్లాడటం మానేసి జనం వైపు తిరిగాడు. "చూసిన్రా? ఈ పిల్లకు ఫిట్స్. దిమాగ్ సరిగ లేదు. ఇరవై ఏండ్ల సంది ఈ గల్లీకి సేవ చేస్తున్న, నా మీదనే కంప్లైంట్ పెట్టింది."

అందరూ నా వైపు చూశారు. తెలిసిన ముఖాలే. పాలు పోసే ఆమె, చెప్పులు కుట్టే తాత, మా సందు వాళ్లు ఇద్దరు ముగ్గురు. చిన్నప్పటి ప్రార్థన మైదానం కళ్లముందు మెదిలింది. వాళ్లు వెనక్కి జరగకముందే నేను ఒక అడుగు ముందుకు వేసి షాపు మెట్టు ఎక్కాను.

"అవును, నాకు మూర్ఛ ఉంది," అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పదకొండేండ్లప్పటి సంది ఉంది. గోలీ ఏసుకుంటే రాదు. దిమాగ్ మంచిగనే ఉంది, బి.ఎ. పాసైన. మీరు ఎవరన్న అడిగితే నేనే చెప్తుంటి. నా సంగతి చెప్పాల్నో వద్దో నా ఇష్టం. సేటుది కాదు. నా పేరు ఈయన బుక్కుల చూపించి నా కొలువు తీసిపిచ్చిండు. ఆ బుక్కుల నా పేరొక్కటే లేదు."

అక్కడ ఆపేశాను. ఎవరి పేరూ చెప్పలేదు, చెప్పకూడదు. కానీ చివరి మాట వాళ్లకు చేరింది. కౌంటర్ చివర నిలబడి ఉన్న బుర్ఖా వేసుకున్న ముసలామె అందులో తన పేరు కూడా ఉందా అని మెల్లగా అడిగింది.

"సేట్, మేరా నామ్ భీ హై క్యా ఉస్మే?"

"అరే అమ్మా, ఆప్ కా క్యా హై, నీంద్ కీ గోలీ..." అని సేటు అంటుండగానే ఆమె అరచేత్తో కౌంటర్ మీద కొట్టింది.

"దేఖో! అబ్ సబ్ కే సామ్నే బోల్ దియే!"

అందరి ముందూ తన నిద్రగోలీ సంగతి చెప్పేశాడని ఆమె మండిపడింది. ఇక ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. చెప్పులు కుట్టే తాత, "నా దగ్గు మందు సంగతి మా అల్లునికి ఎవరు చెప్పిన్రు మరి?" అన్నాడు. పాలు పోసే ఆమె తన చీటీ మడిచి రవికలో దోపుకుని వెళ్లిపోయింది. సేటు చేతులూపుతూ ఏదో సర్దిచెప్పబోయాడు. ఎవరూ వినలేదు.

అప్పటిదాకా నా వెనక నిలబడ్డ బాపు గ్రీజు అంటిన చేత్తో చీటీ నా దగ్గరనుంచి తీసుకుని కౌంటర్ మీద పెట్టాడు. లొల్లి వద్దన్న మనిషి.

"సేట్, గోలీలియ్యి. ఇచ్చేదాంక ఈన్నే నిలబడుత."

సేటు ఇచ్చాడు. రిజిస్టర్ రాసేటప్పుడు జనానికి కనపడకుండా మోచేయి అడ్డం పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చాడు. జరిమానా వేయలేదు, వేయడానికి రూలు లేదని నాతోనే చెప్పాడు. అయితే రిజిస్టర్ సొరుగులో పెట్టి తాళం వేయాలని, తనిఖీకి వచ్చినవాళ్లకు తప్ప ఎవరికీ చూపరాదని షాపు తనిఖీ పుస్తకంలో రాసి, సేటుకు చదివి వినిపించి సంతకం తీసుకున్నాడు. అది చట్టం కాదు. ఒక ఆఫీసరు రాసిన రెండు వాక్యాలు. అవైనా అంతకుముందు లేవు.

మా సందులో అంతా మారిపోయిందని చెప్పను. కొలువు పోయాక నేను ఇంట్లో ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాను, పక్కింటావిడ తన బిడ్డను మాన్పించింది. మా అమ్మ నెలరోజులు బావి దగ్గరికి వెళ్లలేదు. కానీ ట్యూషన్‌కు రెండో తరగతి పిల్లలు ఆరుగురు వచ్చారు, బడిలోంచి తీసేసిన టీచరు ఇల్లు వాళ్లే వెతుక్కుంటూ.

కరస్పాండెంట్ దగ్గరికి ఇంకోసారి వెళ్లాను, ఉద్యోగం కోసం కాదు. నాలుగు నెలలు పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇమ్మన్నాను. ఆయన టైపు చేయించి ఇచ్చాడు. ఆరోగ్య కారణాల వల్ల తొలగించబడినది అని చివరి వరసలో ఉంది. ఆయన ముందే నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాను.

"ఇంకోటి రాయుండ్రి సార్. నేను ఏం క్లాసుకు చెప్పిన, ఎన్ని దినాలు చెప్పిన, ఎట్ల చెప్పిన, అంతవరకే. నా ఒంటి సంగతి మీ కాగితం మీద ఉండొద్దు."

"చింపేస్తవా నువ్వు?" అని లేచాడు. నేను కదలలేదు. బయట బెంచీ మీద ఇద్దరు తల్లిదండ్రులు తలుపులోంచి చూస్తున్నారు. ఆయన కూర్చుని టైపిస్టును పిలిచాడు. బాగా చెప్పినది అన్న మాట కూడా వేయించాడు, బహుశా నన్ను తొందరగా పంపించడానికి.

రెండేళ్లకు సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేరేముందు డాక్టరు పరీక్ష ఉంటుంది. ఆ డాక్టరుకు ఏదీ దాచలేదు. మొత్తం చెప్పాక, ఈ కాగితం ఎవరెవరి చేతికి వెళ్తుంది సార్ అని అడిగాను. ఇలా ఎవరూ అడగలేదని ఆయన నవ్వాడు. ఉద్యోగానికి తగినదన్న ముక్క ఒక కాగితం మీద రాసి, జబ్బు వివరాలు వేరే కవర్లో పెట్టి అతికించి, పైన గోప్యం అని రాశాడు. బాపు ఆ రోజు డిపోలో అందరికీ చాయ్ పోయించాడు. "ఫిట్స్ ఉన్న పిల్లకు ఫిట్ అని రాసిచ్చిండు డాక్టర్," అని నాతో అని చాలాసేపు నవ్వుకున్నాడు.

కొత్త బడిలో చేరిన మొదటి వారమే హెడ్మాస్టరుకు నేనే చెప్పాను. పక్క క్లాసు టీచరుకు చెప్పాను. పడిపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో ఏమీ పెట్టవద్దని, తాళంచెవులు అక్కర్లేదని. మిగిలినవాళ్లకు చెప్పలేదు. వాళ్లు అడగలేదు, నాకు చెప్పాలనిపించలేదు.

అక్కడ పనిచేసిన కాలమంతటిలో ఒక్కసారే మూర్ఛ వచ్చింది, ఒక వర్షాకాలం, లెక్కల పీరియడ్‌లో. తెలివొచ్చేసరికి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. తల కింద పక్క క్లాసు టీచరు మడిచి పెట్టిన కొంగు, గుమ్మం దగ్గర పిల్లలు. ముందు వరసలో ఒక పిల్ల గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. నీళ్లు తాగి, అరగంట పడుకుని, చివరి పీరియడ్‌కు నా క్లాసుకు నేను వెళ్లాను.